చుక్కల్లో బావమరిది

రెండువేల పదిహేడు జూన్ ఎనిమిది, గురువారం. పొద్దున్నే ఎండు నెత్తళ్ళు వేసి వండిన వంకాయ కూర, గంజన్నం, నంజుకోవడానికి పచ్చి ఉల్లిపాయ. భావనపాడు జగన్నాధాన్ని పెళ్ళి తేదీ అడిగితే తడుముకుంటాడు గానీ, ఈ తేదీ, ఈ కూర మాత్రం ఎప్పుడడిగినా చెబుతాడు. ఆ రోజు తన ఎముకలు నడుస్తుండగా తానే చూశాడు మరి. బతికుండగా అందరికీ దక్కే భాగ్యం కాదది.

అప్పటికి వేట నిషేధం ఎత్తేయడానికి ఇంకా వారం ఉంది. ఒడ్డున పడవలన్నీ భోంచేసి పడుకున్నట్టు బోర్లా ఉన్నాయి. ఊళ్ళో మగవాళ్ళంతా వలలు బాగుచేసుకుంటూ రోజులు లెక్కపెట్టుకుంటున్నారు. అందరికంటే గట్టిగా లెక్కపెడుతున్నవాడు జగన్నాధం.

సోములు మావ పడవలో అమరం దగ్గర, అంటే వెనక చుక్కాని కాడ నిలబడి, కెరటం చూసి దారి పట్టేది అతనే. అందుకే ఊళ్ళో అతన్ని అమరం జగన్నాధం అంటారు. కిందటి కార్తీకంలో ఒక కెరటం అతని మాట వినలేదు. పడవను ఎత్తి కుదేసింది. పడవ అంచు వచ్చి ఎడమ మోకాలి మీద పడింది. శ్రీకాకుళంలో ఆపరేషన్ చేసి లోపల స్టీలు బిగించారు.

"సముద్రంలో తుప్పట్టదు గదా డాట్రుబాబూ?" అని అడిగాడట, మత్తు పూర్తిగా దిగకముందే.

అప్పటి నుంచి ఇంట్లో తలుపు గడియ దగ్గర యుద్ధం నడుస్తోంది. వేటకు వెళ్ళేవాళ్ళ ఇళ్ళలో రాత్రి గడియ వెయ్యరు. తలుపు ఊరికే చేరవేస్తారు. చీకటితోనే జట్టువాళ్ళు వచ్చి పిలిస్తే లేచి వెళ్ళిపోవాలి గదా. కాలు విరిగిన నాటి నుంచి జగన్నాధం భార్య లక్ష్మణమ్మ రోజూ గడియ వేస్తోంది. అతను మంచినీళ్ళ నెపంతో లేచి రోజూ తీసేస్తున్నాడు.

"గడియ తీసిందెవులు?"

"పిల్లి."

"గడియ తీసే పిల్లా?"

"నీ సేపలు తిని తిని తెలివి మీరిపోనాదే."

లక్ష్మణమ్మ చేపలమ్మే మనిషి. తక్కెడ పట్టిందంటే ముల్లు వణకదు. కాటా లక్ష్మణమ్మ అని పేరు. ఆవిడ దగ్గర చేపకైనా మొగుడికైనా తూకం ఒకటే.

"నా కాలు బాగున్నాది. నిసేదం ఎత్తేసిన రోజున పడవెక్కేస్తాను" అన్నాడు జగన్నాధం ఒక పూట.

"బాగుంటే గుమ్మం ఎక్కినప్పుడల్లా గోడెందుకు పట్టుకుంతన్నావు?"

"పాత గోడ. పడిపోద్దేమోనని."

"మావా, నా కాడ మాటలొద్దు. ఆ నడక డాట్రమ్మ సూడాల. కంపూటరు సూడాల. ఎక్కొచ్చని కాయితం మీద రాయాల. అప్పుడెక్కు. నేదంటే నా పీనుగు మీంచి ఎక్కు."

"నీ పీనుగు మీంచి ఎక్కాలన్నా కాలు బాగుండాల గదే!" అన్నాడు గానీ, లోపల గుబులు పట్టుకుంది. సోములు మావ పడవలో మనిషి తక్కువైతే వల లేవదు. ఎన్నాళ్ళని ఖాళీ జాగా ఉంచుతాడు? ఒకసారి అమరం చేయి మారిందంటే, మళ్ళీ తిరిగి రాదు. పాతికేళ్ళు తను నిలబడిన చోట ఇంకొకడి పాదాలు. అది తలుచుకుంటేనే అతనికి అన్నం సయించడం లేదు.

నడక డాక్టరమ్మ పేరు హేమ. శ్రీకాకుళం దాటాక ఒక ఫిజియోథెరపీ కాలేజీలో నడకను కొలిచే గది ఉంటే, అందులో ఆవిడ పనిచేస్తోంది. అంతకుముందు ఒకసారి తారీఖు రాయించుకోవడానికి వెళ్ళినప్పుడు జగన్నాధం ఆ కంప్యూటర్ వైపు తొంగిచూశాడు. నల్లటి తెర మీద తెల్లటి చుక్కలు కదులుతున్నాయి. అంతే. మనిషి లేడు.

"ఒంటికి అతికించిన గోళీలే కెమెరాలకు కనిపిస్తాయండీ. ముఖం, బట్టలు, ఒంటి రంగు ఏవీ కనిపించవు" అని చెప్పింది హేమ.

ఆ మాట చెవిలో పడిందో లేదో, జగన్నాధం బుర్రలో దీపం వెలిగింది. మొగం నేని సోట ఎవుడైతే ఏటి?

దీపం వెలుగులో ఎదురుగా కనిపించినవాడు బావమరిది చినబాబు. సాలూరులో లారీ తోలుతాడు. ఆ లారీకి కొత్త బాడీ కట్టిస్తున్నారని రెండు నెలలు ఖాళీ దొరికి, అక్క ఇంటికొచ్చి ఎండు చేపల బస్తాలు మోసిపెడుతున్నాడు. బావా బావమరుదులిద్దరిదీ ఒకే ఎత్తు, ఒకే చాయ. చినబాబు బావ కోసం ప్రాణమైనా ఇస్తాడు. కాకపోతే ఒడ్డు మీద ఇస్తాడు. నీళ్ళంటే అతనికి భయం. బిందెలో అల లేచినా కళ్ళు తిరుగుతాయి.

"నా బదులు నువ్వు నడిసెయ్యాల. అంతే" అన్నాడు జగన్నాధం.

"అక్కకి తెలిస్తే?"

"సుక్కలకి మొగం ఉండదురా పిచ్చోడా. మీ అక్క కాదు గదా, ఆ బెమ్మ దేవుడు దిగొచ్చినా పోల్చనేడు."

"మరి నాకేటి?"

"వేటకెళ్ళాక మొదట పడిన కోనాం సేప తలకాయ నీది. పులుసు ఎట్టించి, మద్దెన ముల్లుతో సహా."

చినబాబు గుటకేశాడు. ఒప్పందం కుదిరింది.

ఆ గురువారం నాడు బస్సులో ముగ్గురూ ఎక్కారు.

"ఈడెందుకు?" అంది లక్ష్మణమ్మ.

"తోడు."

"మరి నానెందుకు?"

"నువ్వు నాకు తోడు. ఆడు నీకు తోడు."

లక్ష్మణమ్మ మొగుణ్ణి ఒకసారి, తమ్ముణ్ణి ఒకసారి చూసి, కిటికీ వైపు తిరిగింది. తక్కెడలో ఏదో ఎక్కువ పడిందని తెలిసినప్పుడు ఆవిడ అలాగే ఊరుకుంటుంది.

నడక గది చల్లగా, మసక చీకటిగా ఉంది. బయటి ఎండ పడితే కెమెరాలు తికమక పడతాయని కిటికీలన్నిటికీ నల్లటి తెరలు వేశారు. గోడల మీద చుట్టూ కెమెరాలు, ఒక్కొక్క దానికీ ఎర్రటి కన్ను. మధ్యలో నడవడానికి దారి. ఆ దారిలో, నేలతో సమానంగా అమర్చిన రెండు పలకలు.

"ఏటిదమ్మా?" అంది లక్ష్మణమ్మ.

"కాటాలాంటిదేనండీ. అడుగు వేసినప్పుడు ఏ కాలు మీద ఎంత బరువు దిగిందో చెబుతుంది."

కాటా అనగానే లక్ష్మణమ్మకు డాక్టరమ్మ మీద గౌరవం కలిగింది. వంగి పలకను తట్టి చూసింది. "బొటనేలు ఎట్టి నొక్కితే ముల్లు ఎక్కువ సూపిస్తాదా?"

"దేంతో నొక్కారో కూడా చెప్పేస్తుంది."

"ఓలమ్మో!" అంది. సంతలకి ఇలాంటిదొకటి కావాలని గట్టిగా అనుకుంది కూడా.

"నువ్వు బైట కూకోవే. నన్ను నిక్కర్లో నిలబెడతారు. సిగ్గు" అన్నాడు జగన్నాధం.

"ముగ్గురు పిల్లల్ని కన్నాక ఇప్పుడొచ్చిందా సిగ్గు?"

అయినా బయటికి వెళ్ళింది. చినబాబు అప్పటికే వెనక గుమ్మంలోంచి దూరి, బట్టలు మార్చుకునే మూలన తెర చాటున నక్కి ఉన్నాడు. అక్కడ కొక్కేనికి వేలాడుతున్న నల్ల నిక్కర్లలో ఒకటి తొడిగేశాడు కూడా.

హేమ జగన్నాధం ఒంటికి గోళీలు అతికించింది. రేగుపండంత ఉంటాయి, తెల్లగా మెరుస్తూ. భుజాలకు, మోచేతులకు, నడుముకు ముందూ వెనకా, మోకాళ్ళకు, చీలమండలకు, కాలివేళ్ళకు. వలకు బెండ్లు కట్టినంత పొందిగ్గా అతికించిందని జగన్నాధం మెచ్చుకున్నాడు.

"నేను లోపల కంప్యూటర్ దగ్గర ఉంటాను. పిలిచినప్పుడు మామూలుగా నడవండి" అని చెక్క గోడ అవతలికి వెళ్ళింది.

జగన్నాధం ఒక్క అంగలో తెర చాటుకు చేరాడు. ఆ అంగ వేసినప్పుడు మోకాలు చురుక్కుమంది గానీ, ఎవరూ చూడలేదు కదా!

"బేగి రా! సెయ్యెత్తు! తిరుగు!" అంటూ తన ఒంటి మీది గోళీలు పీకి బావమరిదికి అంటించడం మొదలెట్టాడు. ఒక్కో గోళీతో పాటు గుప్పెడు వెంట్రుకలు వస్తున్నాయి. అరవడానికి లేదు. ఒక మోకాలి గోళీ జారిపోయి చేతికందలేదు. దొరికాక, కంగారులో పిక్క మీద పెట్టేశాడు. నడుము వెనకది తనకు కనిపించనిది. కనిపించనిది గుర్తుండదు. అది అతని వెనకాలే ఉండిపోయింది.

"జగన్నాధం గారూ, నడవండి."

చినబాబు బయల్దేరాడు. జగన్నాధం స్టూలు మీద కూలబడి, మెడ మాత్రం వెనక్కి తిప్పి తెర సందులోంచి చూస్తున్నాడు. వీపు గది వైపు ఉంది.

అవతల కంప్యూటర్ ఆ చుక్కలను కలిపి అస్థిపంజరం గీసింది. గీశాక, అదే జడుసుకున్నట్టు ఆగిపోయింది. మనిషి ముందుకు నడుస్తున్నాడు, నడుము ఎముక మాత్రం సాగిన రబ్బరులా మూలనున్న తెర దాకా పోయి అక్కడే కూర్చుంది. ఒక కాలికి మోకాలు పిక్క మధ్యలో వంగుతోంది. అది చాలదన్నట్టు కాళ్ళ చుట్టూ ఎక్కడెక్కడివో చిన్న చిన్న చుక్కలు మిణుగురుల్లా ముసురుకున్నాయి.

"జగన్నాధం గారూ, మీకు ఎన్ని కాళ్ళున్నాయండీ?" అంది హేమ కంగారుగా.

చినబాబు వంగి చూసుకున్నాడు. "రెండేనండి" అన్నాడు గొంతు మార్చి. గొంతు మార్చడం గురించి ఒప్పందంలో లేకపోయినా, అతనికి తోచిన సాయం అది.

హేమ కంప్యూటర్‌ను రెండుసార్లు తిట్టి, లేచి తన వైపు తలుపు తీసి, బయట కూర్చున్న లక్ష్మణమ్మను పిలిచింది. "అమ్మా, ఒకసారి ఇలా రండి. మీ ఆయన ఒంటి మీద మెరిసేవి ఏమైనా ఉన్నాయా? మెరిసేదల్లా కెమెరాకు గోళీలాగే కనిపిస్తుంది."

లక్ష్మణమ్మ లోపలికొచ్చి చెక్క గోడ వెనక నిలబడింది. హేమ తికమక ఎముకలను తీసేసింది. ఇప్పుడు నల్లటి తెర మీద చుక్కలే ఉన్నాయి.

"మళ్ళీ నడవండి."

చుక్కలు నడిచాయి.

లక్ష్మణమ్మ కళ్ళు చికిలించి చూసింది. ఒళ్ళు లేదు, మొహం లేదు, నీడ కూడా లేదు. గుప్పెడు తెల్లటి చుక్కలు చీకట్లో లేస్తూ, పడుతూ, ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. అయినా అందులో ఒక మనిషి ఉన్నాడు. చిన్నప్పటి నుంచి తన వెనకాల తిరిగిన మనిషి.

"డాట్రమ్మా, మా చినబాబు ఈడకెలగొచ్చాడు?"

"చినబాబు ఎవరు? మీ ఆయన కదా?"

"మా ఆయనా! సీ! ఇది మా తమ్ముడు. ఆ ఎడం కాలు సూడు. అడుగడుక్కీ క్లచ్చి తొక్కినట్టు తొక్కుతాడు. ఆ మెడ సూడు. అద్దంలో ఎనక లారీ వస్తాదేమోనని పక్కకి లాగుతాడు." ఆవిడ తెర వైపు వంగి, "ఒరే సినబాబూ!" అని ఒక్క కేక వేసింది.

అవతల చుక్కలన్నీ ఉన్నచోట గజగజ వణికాయి.

"ఏటక్కా?" అన్నాయి.

హేమ పరుగెత్తుకెళ్ళి లైటు వేసింది. నడకదారి మధ్యలో, పొద్దున మోసిన బస్తాల పొలుసులు పిక్కల నిండా మెరుస్తూ చినబాబు. లక్ష్మణమ్మ మూలకు వెళ్ళి తెర లాగింది. స్టూలు మీద జగన్నాధం, వీపు ఇటు, నడుము మీద ఒంటరిగా ఒక గోళీ.

"ఈ పిల్లి ఎవులిది?" అంది లక్ష్మణమ్మ.

హేమకు కోపం రావలసింది. నవ్వొచ్చింది. ఆ తర్వాత నవ్వు కూడా ఆగి, లక్ష్మణమ్మ వైపే చూస్తూ ఉండిపోయింది. "ముఖం లేకపోయినా, వట్టి చుక్కల్లోంచి తనవాళ్ళను పోల్చుకుంటారని మేం చదువుకున్నామండీ. ఇలా రెండడుగులకే పోల్చుకోవడం మాత్రం ఇదే చూడటం. ఎలా తెలిసింది?"

"దానికేటమ్మా? ఒడ్డున నిలబడ్డ ఆడోళ్ళందరికీ తెలుస్తాది. పడవలొచ్చే ఏలకి ఎదురుగా సూరీడుంటాడు. మొగాలు కనపడవు. నల్లగా నీడలు దిగుతాయి. నడక సూసే, అదుగో నీ మొగుడు, అదుగో నా మొగుడు అనుకుంతాం." ఆవిడ చీర చెంగు సర్దుకుంది. "ఆ కార్తీకంలో కూడా సూశాను. అందరూ నడిసొచ్చారు. ఆ నడక రానేదు."

జగన్నాధం నడుము మీది గోళీ పీక్కోవడం కూడా మర్చిపోయాడు. ఆ పూట తనను ఇసుక మీదికి ఎలా మోసుకొచ్చారో ఊరందరికీ పదిసార్లు చెప్పాడు. అంతకు ముందు గడిచిన ఆ కాస్త సేపు ఆవిడ ఒడ్డున ఎలా నిలబడిందో, ఇన్నాళ్ళలో ఒక్కసారి అడగలేదు.

"అతికించండి డాట్రమ్మా. నానే నడుస్తాను" అన్నాడు.

ఈసారి అసలు మనిషి నడిచాడు. చినబాబును ఒక కుర్చీలో కూర్చోబెట్టి, పిక్కలకు తువ్వాలు చుట్టారు. నడిచాక హేమ జగన్నాధాన్ని కంప్యూటర్ దగ్గరికి పిలిచి, అతని నడకను అతనికే చూపించింది.

తెర మీద ఒక అస్థిపంజరం నడుస్తోంది. అది అతనే. కుడి భుజం కాస్త దించి, పాదం వేళ్ళతో నేలను పట్టుకుంటూ. అడుగు పడినప్పుడల్లా నేలలోంచి ఒక పచ్చటి బాణం పైకి లేస్తోంది.

"ఆ బాణం ఏటమ్మా?"

"మనం నేలను ఎంత తొక్కితే, నేల మనల్ని అంత పైకి ఎత్తుతుందండీ. అదే ఆ బాణం."

జగన్నాధం తెర మీది బాణాన్ని వేలితో తాకి చూశాడు. పాతికేళ్ళుగా కాళ్ళ కింద నీళ్ళే. అవి ఎప్పుడు దించేస్తాయో అని కాచుకోవడమే. ఒడ్డుకొస్తే నేల ఊరికే పడి ఉంటుందనుకున్నాడు. అది తన ప్రతి అడుగునూ కింద నుంచి చెయ్యి పెట్టి లేపుతోందట. ఎవరూ అడగకుండానే. చెప్పుల్లేని వాణ్ణి కూడా.

"ఇన్నాళ్ళూ ఎత్తుకునే ఉన్నాదన్నమాట" అన్నాడు మెల్లగా.

"కుడి కాలికి బాణం ఎంత ఎత్తు లేస్తోందో చూడండి. ఎడమ కాలికి చూడండి. పొట్టిది. మీరు ఆ కాలి మీద పూర్తిగా దిగడం లేదు. నేల ఎత్తడానికి సిద్ధంగానే ఉంది, మీరే నమ్మడం లేదు. మోకాలు ఇక్కడ వణుకుతోంది కూడా. గదిలోనే ఇలా ఉంటే, కెరటం మీద నిలబడినప్పుడు?"

అబద్ధమాడదామంటే ఎముకలు ఎదురుగా నిలబడి సాక్ష్యం చెబుతున్నాయి. జగన్నాధం తల వంచుకున్నాడు.

"దసరా దాకా వ్యాయామాలు చెయ్యాలి. మళ్ళీ కొలుద్దాం. ఎముక బాగా అతుక్కుంది. నిలబడతారు. అమరం దగ్గరే నిలబడతారు. ఇప్పుడు మాత్రం కాదు." హేమ కాగితం తీసింది. "ఇకపోతే, మొదట నడిచిన ఆయనవి కాళ్ళు భేషుగ్గా ఉన్నాయి. సముద్రానికి నిక్షేపంలా వెళ్ళొచ్చు."

డాక్టరమ్మ తమాషాకే అంది. కానీ కాటా దగ్గర లక్ష్మణమ్మ తమాషా ఎరగదు.

"అదే రాసియ్యమ్మా" అంది.

"అక్కా!" చినబాబు కుర్చీలోంచి లేచాడు. తువ్వాలు జారిపోయింది.

"సోములు మావతో మొన్నే మాటాడేశాను. 'అమరం నాను పడతాను, నీ మొగుడు బాగయ్యేదాకా ఆ జాగా ఎవుడికీ ఇయ్యను. వల లాగడానికి మాత్రం ఒక మనిషిని సూడు లచ్చనమ్మా' అన్నాడు. మనిషెవుడా అని రెండ్రోజులుగా ఎతుకుతన్నాను. డాట్రమ్మ పరీచ్చ సేసిన మనిసే దొరికాడు."

"మొన్ననే అడిగావా?" అన్నాడు జగన్నాధం నోరు తెరిచి. "మరి నాకెందుకు సెప్పనేదే?"

"సెప్తే నువ్వీ నడక నడుద్దువా?"

జగన్నాధం వంగి, కింద పడిన తువ్వాలు తీసి బావమరిది చేతిలో పెట్టాడు.

"నాకు నీల్లంటే బయం, బావా! నువ్వైనా సెప్పు!" అన్నాడు చినబాబు.

జగన్నాధం అతని భుజం తట్టాడు. "ఏటీ బయం నేదురా. లారీ అనుకో. రోడ్డే కాస్త కదులుతాది."

"మరి కోనాం తలకాయ?"

"నువ్వే పట్టుకుంతావు గదా, నువ్వే తినేద్దువు."

వచ్చేటప్పుడు బస్సులో చినబాబు కిటికీ పక్కన కూర్చుని, టెక్కలి దాకా రోడ్డును ఆఖరిసారి చూస్తున్నట్టు చూశాడు. జగన్నాధం బస్సు దిగేటప్పుడు ఎడమ కాలు ముందు పెట్టాడు. ఒక క్షణం ఆగి, దాని మీద మరికొంచెం దిగాడు. నేల ఎత్తింది. వెనకాల బుట్టతో దిగుతున్న లక్ష్మణమ్మ ఆ అడుగును చూసింది. ఏమీ అనలేదు. ఆ అనకపోవడానికి అతను లోలోపల దణ్ణం పెట్టుకున్నాడు.

ఆ రాత్రి మళ్ళీ గంజన్నమే. పొద్దుటి కూర అడుగున కాస్త మిగిలితే, లక్ష్మణమ్మ దాన్ని మొగుడి కంచంలోకి దించింది. చినబాబు వరండాలో పడుకుని, కెరటం విరిగినప్పుడల్లా దుప్పటి పైకి లాక్కుంటున్నాడు.

లక్ష్మణమ్మ అంట్లు తోమి, చేతులు తుడుచుకుంటూ గడియ వెయ్యడానికి వచ్చేసరికి జగన్నాధం లేచి నిలబడి ఉన్నాడు.

"ఏటి, మంచినీళ్ళా?" అంది.

"కాదు. నువ్వు తొంగో."

గుమ్మం దాకా నడిచాడు. గోడ పట్టుకోలేదు. బయట సముద్రం ఎవరినో పిలుస్తూనే ఉంది. కాసేపు విని, చప్పుడు కాకుండా తలుపు మూసి, తనే గడియ వేశాడు.